విమానం వెళ్లాక ఒక టిక్కు

మా బాబాయికి ఉన్న జబ్బు ఒక్కటే. ముందు చెబుతాడు, తర్వాత నొక్కుతాడు. ఇంకేదైనా పనిలో అయితే ఈ అలవాటుతో పెద్ద నష్టం లేదు. కానీ ఆయన ఫొటోలు తీసేది యుద్ధవిమానాలకి. ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా అవి ఆగవు.

ఊరవతల సైనిక విమానాశ్రయంలో ఏటా విన్యాసాలు జరుగుతాయి. బాబాయి ఇరవై ఏళ్లుగా ఒక్క ఏడు కూడా మానలేదు. తీసిన ఫొటోలన్నీ ఆల్బముల్లో అంటించి, కింద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంటాడు. 'నాలుగు విమానాలు, వజ్రం ఆకారంలో.' పైన చూస్తే ఉత్త ఆకాశం. 'తలకిందులుగా ఎగురుతున్న జెట్టు.' మళ్లీ ఆకాశమే, మూలన కాస్త పొగ.

"ఇందులో విమానం ఏది బాబాయ్?" అని అడిగితే, ఆకాశం మీద వేలు పెట్టి చూపిస్తాడు.

"ఇదిగో, ఇక్కడే ఉండిందిరా. ఇప్పుడే వెళ్లింది."

మా పిన్ని వాటికి ఆకాశం పుస్తకాలని పేరు పెట్టింది. ఫలానా ఏడు ఫలానా రోజున మబ్బు పట్టిందా లేదా అన్న తగువు వస్తే తప్ప అవి ఎందుకూ కొరగావని ఆవిడ అభిప్రాయం.

బాబాయికి కళ్లద్దాల దుకాణం ఉంది. వచ్చినవాళ్ల ముక్కు మీద బరువైన ఫ్రేము పెట్టి, ఒక కంటికి నల్లబిళ్ల వేసి, రెండో కంటికి అద్దాలు మారుస్తూ "ఇది బావుందా? పోనీ ఇదీ?" అని అడుగుతుంటాడు. మధ్యలో పైన మోత వినబడిందంటే ఎక్కడి అద్దం అక్కడ వదిలేసి వీధిలోకి పరుగు తీస్తాడు. ఒకసారి ఒక బడి హెడ్మాస్టరు ఆ ఫ్రేముతోనే, ఒంటికన్నుతోనే, ఏం కొంప మునిగిందో అని ఆయన వెనకాలే వీధిలోకి పరిగెత్తారు.

"ఏమైనా కనబడిందా అండీ?" అన్నాడు బాబాయి తల దించకుండా.

"ఆ. కింద రెండు చక్రాలు వేలాడుతున్నాయి."

"అయితే ఆ అద్దమే మీకు సరిపోయింది" అని అక్కడే, వీధిలోనే, నంబరు రాసిచ్చాడు.

మా చెల్లెలి కూతురి పుట్టినరోజున తెలియక ఆయన చేతికే కెమెరా ఇచ్చాం. పిల్ల కేకు ముందు నిలబడింది. బాబాయి కెమెరా ఎడమచేతిలో పట్టుకుని, కుడిచేతిని గాలిలో ఆడిస్తూ మొదలుపెట్టాడు. "అదిగో, బుగ్గలు పూరించింది. ముందుకి వంగింది. కాస్త కుడికి వాలింది. ఊదేస్తోంది, ఊదేసింది!" అప్పుడు నొక్కాడు. ఫొటోలో కేకు మీద పొగ పడింది.

"తాతా, నేనేదీ?" అంది పిల్ల ఏడుపుమొహంతో.

"ఇక్కడే ఉన్నావమ్మా. ఇప్పుడే వెళ్లావు."

ఈ ఏడు సంగతి వేరు. నలభై ఏళ్లకి పైగా ఎగిరిన ఒక పాత జెట్టుని సైన్యం పక్కన పెట్టేస్తోంది. ఈ విన్యాసాల్లో చివరిసారి ఒక్క చుట్టు తిరిగి దిగిపోతుంది. బాబాయికి ప్రాణమంతా ఆ జెట్టు మీదే. మొదటి ఆల్బములో మొదటి పేజీని ఇరవై ఏళ్లుగా దానికోసమే ఖాళీగా ఉంచాడు. ప్రతి ఏడూ ఈసారి తప్పదనేవాడు, ప్రతి ఏడూ ఆకాశంతో తిరిగొచ్చేవాడు. ఇక వచ్చే ఏడు లేదు.

పిన్ని నన్ను వంటింట్లోకి పిలిచింది. "ఈసారి నువ్వు కూడా వెళ్లు నాయనా. ఎంత వెక్కిరించినా, ఆ ఖాళీ పేజీ చూస్తే నాకే కడుపు తరుక్కుపోతోంది. ఆయన నోట్లో ఏమైనా కుక్కి అయినా సరే, ఆ ఫొటో తీయించు."

దారి పొడుగునా బాబాయికి పాఠం చెప్పాను. "నొక్కి పట్టుకుంటే చాలు బాబాయ్, ఫొటోలు అవే వరసగా పడతాయి. నువ్వు మాత్రం మాట్లాడకు."

"అలాగేరా" అన్నాడు. కానీ నా మొహం చూడకుండా అన్నాడు.

కంచె దగ్గర, జనానికి కాస్త ఎడంగా, మడతకుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నల్లకళ్లద్దాలు, చేతికర్ర. మా అడుగుల చప్పుడు వినగానే లేచి, "వచ్చారా అద్దాలుగారూ!" అని చెయ్యి చాచాడు.

"ఈయన ఫిట్టరుగారు" అన్నాడు బాబాయి నాతో. "ఆ జెట్టుకి ఇరవై ఏళ్లు మరమ్మతులు చేసిన మనిషి. చూపు మసకబారుతోందని ఒకరోజు నా దుకాణానికి వచ్చారు. ఉన్న అద్దాలన్నీ వేసి చూశానురా. ఏదీ పనికిరాలేదు. ఆ మాట ఆయనకి నేనే చెప్పాల్సొచ్చింది."

నేను ఆయన మడతకుర్చీని కంచెకి ఇంకాస్త దగ్గరగా జరిపాను.

ఇంతలో జెట్టు వచ్చింది. "నొక్కు బాబాయ్!" అని అరిచాను. బాబాయి కెమెరా వదిలేశాడు, అది మెడలో వేలాడింది. ఫిట్టరుగారి కుడిచేతిని రెండు చేతుల్తో పట్టుకుని, అరచేతిని బల్లపరుపుగా చాపాడు.

"వస్తోందండీ, ఎడమనుంచి. బాగా కిందికి వచ్చింది. ఇప్పుడు ముక్కు లేపింది." అరచేయి లేచింది. "వాలుతోంది, కుడిరెక్క కిందికి." అరచేయి వాలింది.

"ఇంకాస్త వాల్చండి" అన్నాడు ఫిట్టరుగారు చెవి ఒగ్గి. "ఆ మోతకి అంత తక్కువ వాలదు."

"క్షమించండి. ఇంకాస్త వాలింది."

ఆయన మొహం వెలిగిపోయింది. జెట్టు ఒక చుట్టు తిరిగి, కొండ పక్కకి మళ్లి, కనుమరుగైంది. మోత కూడా తగ్గింది. అప్పుడు బాబాయి ఆయన చెయ్యి మెల్లగా వదిలి, కెమెరా ఎత్తి, టిక్కుమని నొక్కాడు.

"పడిందా ఫొటో?" అన్నాడు ఫిట్టరుగారు.

"బ్రహ్మాండంగా పడిందండీ! రెక్కల మీద అంకెలతో సహా!"

నేను నోరు తెరవబోయాను. బాబాయి నా కాలు తొక్కాడు. మంచినీళ్లు తెద్దామని నన్ను పక్కకి లాక్కెళ్లి, "ఆయనకి చెప్పకురా. తెలిస్తే, నోరు మూసుకుని ఫొటో తీసుకోమంటారు. మీ పిన్నికీ చెప్పకు. ఆవిడకి చెబితే ఊరికి చెప్పినట్టే" అన్నాడు. నన్ను వెనక్కి పంపి, తను వరసలో నిలబడ్డాడు.

నేను తిరిగి వచ్చేసరికి ఫిట్టరుగారు నవ్వుకుంటున్నాడు.

"ఈ ఏడు కూడా ఆకాశమేనా బాబూ?"

"మీకు తెలుసా?"

"కళ్లు పోయాయి గానీ చెవులు ఉన్నాయిగా. ఇరవై ఏళ్లుగా వింటున్నాను, ఆ టిక్కు ఎప్పుడూ జెట్టు మోత వెళ్లిపోయాకే వినబడుతుంది. మొదటి రెండేళ్లు చెబుదామనుకున్నాను. చెబితే ఆ చెయ్యి వదిలేస్తాడేమోనని భయం వేసింది. నా స్వార్థం." కర్ర తడుముకుని అందుకుంటూ, "నాకు తెలుసని ఆయనకి మాత్రం చెప్పకు. చిన్నబుచ్చుకుంటాడు" అన్నాడు.

ఇద్దరికీ మాట ఇచ్చాను. ఇంటికి రాగానే పిన్ని ఎదురొచ్చింది. "పడిందా?"

"నేను ఒకటి తీశాను పిన్నీ" అని నా ఫోను ఇచ్చాను. అందులో రెండు ముసలి చేతుల మధ్య ఒక అరచేయి, కుడికి వాలి ఉంది. పైన ఆకాశం. పిన్ని చాలాసేపు చూసింది. ఎవరిదని అడగలేదు. లోపలికి వెళ్లి జిగురు సీసా తెచ్చి, దీన్ని రేపే ప్రింటు వేయించుకు రమ్మంది.

మొదటి పేజీలో అంటించాక బాబాయి కళ్లజోడు సర్దుకుని చూశాడు.

"ఏరా, విమానం ఏదీ?"

"ఇక్కడే ఉండింది బాబాయ్" అన్నాను. "ఇప్పుడే వెళ్లింది."