గ దగ్గర ఊపు, ని దగ్గర నొక్కు

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల్లో, నేను ఒమన్‌లోని బహ్లాలో ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ స్టోర్‌లో పనిచేసేటప్పుడు, నాకు పొద్దున లేవగానే ఆకలి కంటే ముందు అనుమానం వేసేది. ఇరవై రెండేళ్ళ వయసు, మెడలో స్టోర్ తాళాలు, ఎదురుపడ్డ ప్రతివాడూ నా స్పానర్ల మీద కన్నేసినవాడే అన్న గట్టి నమ్మకం. (ఊరు కూడా అలాంటిదే లెండి. బహ్లా అంటే జిన్నుల ఊరని, ఒంటరిగా తిరగొద్దని దిగిన రోజే భయపెట్టారు.) దానికి తగ్గట్టు ఒక పెద్ద స్పానర్ల సెట్టు, రెండు డ్రిల్లింగ్ మిషన్లు మాయమయ్యాయి. మా ఫోర్మన్ హైదరాబాద్ పాతబస్తీ మనిషి, అందరికీ చిచ్చా. "సామాను దొరకకపోతే నువ్వు ఇంటికే, బేటా" అని మెల్లగా చెప్పాడు. మెల్లగా చెప్పాడంటే చేస్తాడన్నమాటే.

సరిగ్గా దానికి వారం ముందే మా రూమ్‌లోకి కొత్త మనిషి వచ్చాడు. డ్రాఫ్ట్స్‌మన్, కోస్తా వైపు నుంచి వచ్చాడు, నలభై దాటి ఉంటాయి. అందరినీ "అండీ" అనేవాడు, అదే నాకు మొదటి అనుమానం. కూర్చుంటే చాలు, ఆయన ఎడమచేతి వేళ్ళు తొడ మీద వణికేవి, జారేవి. అందుకే వణుకుడు సారు అని పేరు పెట్టుకున్నాం. శుక్రవారం మధ్యాహ్నం అందరం పడుకున్నాక ఒక నోట్‌బుక్ పట్టుకుని నీళ్ళ ట్యాంకు వెనక్కి పోయి ఏదో గొణుక్కునేవాడు.

"తమ్మీ, గాయన వేళ్ళు జూసినవా? తాళం తీసుడు ప్రాక్టీస్ జేస్తున్నట్టున్నడు" అన్నాడు మా రూమ్‌లో మూడో మనిషి, నిజామాబాద్ దిక్కు మేస్త్రీ పెద్దన్న. "గా బుక్కుల ఏమున్నదో జర జూడు. నాకు సదువు రాకపాయె."

సారు స్నానానికి పోయినప్పుడు చూశాను. చక్కటి దస్తూరీతో ఇలా ఉంది: "పై స నుంచి ప దాకా జారు. మధ్యలో ఆగకూడదు. గ దగ్గర ఊపు. ని దగ్గర నొక్కు." కింద వరసగా ఖండింపు, ఆహతం, ఆందోళితం. నా ఒళ్ళంతా చెమట. స అంటే స్టోరు. ప అంటే పికప్పు. గ గేటు, ని నిచ్చెన. నొక్కడమంటే నాకు తెలియనిదా! ఇక ఆందోళితం అంటే సైట్‌లో ఆందోళన, అడ్డొచ్చినవాడికి ఖండింపు. (సరిగమలు బళ్ళో నేనూ విన్నాను. కానీ అనుమానం పట్టినవాడికి చెవులు పనిచేయవు.)

నోట్‌బుక్ పట్టుకుని నేరుగా చిచ్చా దగ్గరికి పరుగెత్తాను. సారును ఆఫీసుకు పిలిపించారు. ఒక్కొక్క అక్షరానికీ నేనే దగ్గరుండి అర్థం చెప్పాను. వింటున్నకొద్దీ ఆయన మొహం పాలిపోయింది. ఆందోళన పేరెత్తితే మర్నాడే విమానం ఎక్కించే రోజులవి.

"ఇవి గమకాలండీ" అన్నాడు చివరికి. "చిన్నప్పుడు ఎనిమిదేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాను. ఇక్కడ వయొలిన్ లేదు, మర్చిపోతానేమోనని రాసుకుంటున్నాను."

"గమకం అంటే ఏంది?" అని గద్దించాను, పోలీసులాగా.

ఆయన కళ్ళు మూసుకుని ముందు పై స, తర్వాత ప, విడివిడిగా పాడాడు. రెండు స్తంభాలు పాతినట్టున్నాయి. తర్వాత అదే స నుంచి ప దాకా గొంతు తెగకుండా దిగాడు. "ఇది జారు" అన్నాడు. తర్వాత గ ఒక్కటే పట్టుకుని మెల్లగా ఊపాడు. "కదపకుండా పాడితే ఇది ఉత్త స్వరమేనండీ. ఇలా ఊపితేనే ఏ రాగమో తెలుస్తుంది. గమకమంటే పైన పెట్టే నగ అనుకుంటారు. కాదండీ, అది స్వరం నడక. నడక చూసే కదా మనిషిని దూరం నుంచి పోల్చుకుంటాం?"

చిచ్చా కుర్చీలోంచి లేచాడు. "ఫిర్ సే" అన్నాడు. సారు మళ్ళీ జారాడు. చిచ్చా కళ్ళలో నీళ్ళు. "అరె మియా, ఇస్కు తో హమారె అబ్బా మీండ్ బోల్తె థే!" ఈ జారునే మీండ్ అనే వాళ్ళ నాన్న దర్గాలో ఖవ్వాలీ పాడేవాడట, కొడుక్కి గొంతు రాలేదని చివరిదాకా బాధపడ్డాడట. ఆ పూట ఆఫీసులో ముగ్గురికీ టీ వచ్చింది. నాది చల్లారిపోయింది, తాగడానికి మొహం చెల్లలేదు.

సామాను సంగతా? ఖురియాత్ సైట్‌కి చిచ్చానే పంపించి, చీటీ ఇవ్వడం మర్చిపోయాడు. నాకు సారీ చెప్పలేదు, నేనూ అడగలేదు.

నేను మాత్రం సారుకు క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన నవ్వి, మొదటిసారి అండీ వదిలేసి, "అంత శ్రద్ధగా నా నోట్సు చదివినవాడివి నువ్వొక్కడివే బాబూ, నేర్చుకుంటావా?" అన్నాడు. ఇక ప్రతి శుక్రవారం ట్యాంకు వెనక ఇద్దరం. గ మీద నేను గొంతు ఊపితే, "అది గమకం కాదు నాయనా, చలిజ్వరం" అనేవాడు. ఆరు నెలలకు ఒక రోజు ఎలాగో కుదిరింది. ఆయన తొడ మీద ఆడే వేళ్ళు ఆపి, "ఇదీ" అన్నాడు.

ఆ ఒక్క మాటకు మురిసిపోవాల్సింది పోయి, ఈయన నన్నెందుకు మెచ్చుకున్నాడు, నాతో ఏం పనిబడింది అని రెండు రోజులు నిద్రలేకుండా ఆలోచించాను. ఇప్పుడు అప్పటి ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాణ్ణి తలుచుకుంటే కోపం రాదు. పక్కన కూర్చోబెట్టుకుని, "నిజంగానే బాగా పాడావురా" అని ఒట్టేసి చెప్పాలనిపిస్తుంది. నమ్మడనుకోండి.