డి డ్రైవులో అమ్మ ఫోటో

మా చిన్నప్పుడు... ఆళ్ళగడ్డలో మా నాయనకు ఫోటో స్టూడియో ఉండేది. పెళ్ళిళ్ళ కన్నా చావుల పనే ఎక్కువ. పల్లెల్లో ముసలివాళ్ళు పోయాక గానీ ఇంట్లో ఒక్క ఫోటో కూడా లేదని ఎవరికీ గుర్తురాదు. అప్పుడు పరుగున వచ్చి నాయనను బండెక్కించుకుని పోయేవాళ్ళు.

శవాన్ని గోడకు ఆనించి కూర్చోబెడితే నాయన ఫోటో తీసుకొచ్చేవాడు. కంప్యూటర్లో వెనక గోడ తీసేసి నీలం రంగు పెట్టేవాడు, బొట్టు దిద్దేవాడు... ఆఖరున మూసిన రెప్పల మీద తెరిచిన కళ్ళు అతికించేవాడు.

ఆ కళ్ళు మా అమ్మవి.

అమ్మది ఒకే ఒక్క ఫోటో ఉండేది. కెమెరా చూస్తే చాలు, చెంగు అడ్డం పెట్టుకుని లోపలికి పోయే మనిషి. పెళ్ళి ఆల్బంను చెదలు తినేశాయి. స్టూడియోలో కొత్త లైట్లు సరిచూడ్డానికని ఎప్పుడో బతిమాలి కూర్చోబెట్టి తీసిన ఫోటో అది. నేరుగా చూసే కళ్ళు, నీడ పడని వెలుగు... ఎవరి మొహానికైనా అతికేవి.

"నా కండ్లు మండలమంతా పంచి పెడ్తాండావు కదయ్యా" అని అమ్మ నవ్వేది.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా అమ్మ జబ్బు చేసి పోయింది. ఊరందరికీ ఫ్రేములు కట్టిచ్చిన నాయన, అమ్మ ఫోటో మాత్రం ప్రింటు వేయలేదు. దండ వేస్తే ఇక పోయినట్టేనని ఆయన బాధ. అడిగితే "కంప్యూటర్లో, డి డ్రైవులో ఉండాదిలేమ్మా, యాడికి పోతాది" అనేవాడు.

సంవత్సరీకం దగ్గర పడింది. "ఇప్పుడన్నా నా కోడలు గోడ మీద లేకుంటే ఎట్లరా" అని అవ్వ పట్టుబట్టింది. నాయన సరేనన్నాడు. సరిగ్గా అప్పుడే కంప్యూటర్ మొరాయించింది. వైరస్ పట్టి, నల్ల తెర మీద చిన్న తెల్ల గీత ఆడుతూ ఉండిపోయేది, అంతే.

నంద్యాలలో కంప్యూటర్లు బాగుచేసే శీనన్న, మా పెదనాయన కొడుకు, సీడీ పట్టుకుని వచ్చాడు. "ఇది లినక్స్ చిన్నాయనా, కంప్యూటర్ను నడిపే ఇంకో సాఫ్ట్‌వేరు. వైరస్ దీని జోలికి రాదు. సచ్చిన డబ్బాక్కూడా ప్రాణం వస్తాది సూడు" అన్నాడు.

ఆ డబ్బా మహా మొండిది. సీడీ పెడితే కక్కేసేది. గుద్దితే మింగేది, మళ్ళీ కక్కేది. శీనన్న మీటలు టపటపా కొడుతూ తిట్టని తిట్టు లేదు. మధ్యాహ్నమే అయినా షట్టరు సగం దించి ఉంది. ఆ మసక గదిలో, నల్ల తెర మీద మా ముగ్గురి నీడలు... నాలుగోది కూడా ఉన్నట్టనిపించి నేను వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు.

చివరికి సీడీ తిరిగింది. ఎక్కించకముందే లోపలున్నవి చూడొచ్చంటూ శీనన్న డి డ్రైవు తెరిచాడు. తెర నిండా అమ్మ వచ్చింది. నాయన చాలాసేపు చూశాడు.

"ఉండాది... సాలు. ఇంగ ఎక్కిచ్చు" అన్నాడు.

అప్పట్లో మా వైపు కంప్యూటర్ తెలిసిన ప్రతివాడికీ ఒక నమ్మకం... ఫార్మాట్ కొడితే, అంటే తుడిచేస్తే, పోయేది డిస్కులో సి అనే భాగమే, డి కి ఏమీ కాదని. అందుకే విలువైనదంతా డి లోనే దాచుకునేవాళ్ళం. డిస్కు తుడిచి ఎక్కించమంటావా అని లినక్స్ అడిగింది. "ఆ, సి యే కదా" అంటూ శీనన్న సరే కొట్టేశాడు. ఈ కొత్తదానికి సి, డి అన్న తేడా లేదని, డిస్కు అంటే మొత్తం డిస్కేనని అతనికీ తెలియదు.

కాసేపటికి తెర కొత్తగా వెలిగింది. మొండి డబ్బా పరుగులు తీస్తోంది. ఫోల్డర్లన్నీ ఖాళీ.

"డి యాడరా?" అన్నాడు నాయన.

శీనన్న వెతికాడు, మళ్ళీ వెతికాడు. మొహమంతా చెమటలు. "చిన్నాయనా... డి లేదు" అని తల పట్టుకున్నాడు.   డిస్కు ఊడదీసి నంద్యాలంతా తిప్పినా ఏమీ తిరిగి రాలేదు.

ఆ వారంలోనే నాయన నన్ను బండి మీద దొర్నిపాడు తీసుకుపోయాడు, తాను ఫోటో చేసిచ్చిన ఒకరింటికి. నడవ గోడ మీద ఓ ముసలామె... ముడతల మొహం మధ్య మా అమ్మ కళ్ళు.

"మాయత్తకు బతికున్నప్పుడు కండ్లు కనపడేవి కావు పాపా. సచ్చినాక యాడ నిలబడినా నన్నే చూస్తాంది" అంది ఆ ఇంటి కోడలు. ఆమెను పక్కకు తోసి ఆ ఫ్రేమును గుండెలకు హత్తుకోవాలనిపించింది నాకు. నాయన ఆ ఫోటోకి ఫోటో తీసుకున్నాడు.

కళ్ళయితే దొరికాయి... మరి మొహం?

నాయన నన్ను స్టూడియోలో స్టూలు మీద కూర్చోబెట్టాడు. "మీ అమ్మ పోలికే నీది. కదలాకు" అన్నాడు. అమ్మ చీర భుజాన వేసి, కొప్పు చుట్టి తీశాడు. ఆ లినక్స్ లోనే నా వయసు పెంచి, నా కళ్ళు తీసేసి అమ్మవి పెట్టాడు.

సంవత్సరీకం రోజు దానికి దండ వేశారు. "అచ్చం నా కోడలే" అని అవ్వ ఏడ్చింది. నేను మాత్రం దండ మధ్యలో నా ముక్కును, నా గడ్డాన్ని చూస్తూ నిలబడిపోయాను. బతికుండగానే నా ముందు దీపం పెట్టినట్టనిపించింది.

ఆ ఫోటో ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. అద్దంలో చూసుకుంటే ఏటేటా నేనే దానిలా తయారవుతున్నాను. అంతకన్నా భయం ఇంకొకటి... అమ్మను తలుచుకుంటే ఆ బొమ్మే వస్తుంది. అసలు మొహం నాకిప్పుడు గుర్తులేదు.

ఈ రోజుల్లో పుట్టిన బిడ్డకు నెల తిరక్కుండానే ఫోను నిండా ఫోటోలు. ఊరంతటికీ ఫోటోలు తీసిన ఇంట్లో మా అమ్మది ఒక్కటి మిగల్లేదు.

మీలో ఆళ్ళగడ్డ, దొర్నిపాడు, గడివేముల వైపు వాళ్ళుంటే పాత పెళ్ళి ఆల్బంలు ఒకసారి తిరగేయండి. కొన్ని పెళ్ళిళ్ళకు నాయన వెంట అమ్మ కూడా వచ్చేది, లైటు పట్టుకోవడానికి. ఏ గుంపు చివరనో, చెంగు అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి నిలబడి ఉంటుందేమో... కనబడితే పంపండి. కళ్ళు మా దగ్గర ఉన్నాయి. మిగతా మొహమే కావాలి.