చోడవరం చెరుకుతోటలో ఇంగ్లీషు తగువు

ఇంగ్లీషు బాగుపడాలంటే విదేశం వెళ్ళి చదవాలంటారు. నా హాస్టల్ గదిలో ఉండే సెలీనా ఆ మాట నమ్మి మొజాంబిక్ నుంచి విశాఖపట్నం వచ్చింది. ఎక్స్ఛేంజ్ విద్యార్థిగా ఒక సెమిస్టరు ఇక్కడ చదవాలి. వాళ్ళ చదువంతా పోర్చుగీసులో సాగింది. ఇంగ్లీషు రాయమంటే ముత్యాల్లా రాస్తుంది. మాట్లాడమంటే మాత్రం "యెస్", "నో", "థాంక్యూ" తప్ప ఇంకో మాట పెదవి దాటదు, ఎక్కడ తప్పు దొర్లుతుందోనని భయం. సోమవారం మౌఖిక పరీక్ష. తను చూసిన ఒక ఊరి గురించి పది నిమిషాలు మాట్లాడాలి. తప్పితే ఈ సెమిస్టరు చదువు వాళ్ళ కాలేజీలో చెల్లదు, ఏడాది పోతుంది. శుక్రవారం రాత్రి ఆ పిల్ల అన్నం కూడా ముట్టలేదు. చూడలేక, "రేపు మా చోడవరం పోదాం పద, చెప్పుకోడానికి ఒక ఊరైనా ఉంటుంది" అన్నాను. నేను ఇంగ్లీషు మీడియం దాన్ని. అనువాదం నేను చూసుకుంటానని ధైర్యం కూడా చెప్పాను.

ఉదయం ఏడింటికి ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కాం. పెందుర్తి, సబ్బవరం మీదుగా రెండు గంటల దారి. అనకాపల్లి మీదుగా కూడా వెళ్ళొచ్చు కానీ ఈ దారిలో కిటికీ పక్క సీటు దొరికితే పొలాలు చూస్తూ పోవచ్చు. ఆధార్ కార్డుంటే ఆడవాళ్ళకి టికెట్టు ఉచితం. నాది చూపించాను. సెలీనా పాస్‌పోర్టు తీసింది. కండక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఆవిడది మొజాంబిక్ అండీ" అన్నాను.

"ఏ జిల్లా అయినా పర్లేదమ్మా, ఆధారుంటే సాలు."

జిల్లా కాదు, దేశమని చెప్పాక డెబ్భై రూపాయల దాకా టికెట్టు కొట్టాడు. కొడుతూనే సెలీనా వైపు తిరిగి, "వాట్ ఈజ్ యువర్ గుడ్ నేమ్?" అన్నాడు. ఆ పిల్ల నోరు తెరిచే లోపల నేను పేరు చెప్పేశాను. "స్టడీస్ ఆ?" అన్నాడు. అవునండీ, స్టడీసేనని దానికీ నేనే చెప్పాను. "నేనావిణ్ణి అడుగుతన్నానమ్మా" అని విసుక్కుంటూ ముందుకెళ్ళిపోయాడు. మంచికి పోతే ఇలాగే ఉంటుంది.

చోడవరంలో దిగి, స్టాండు పక్కన టీ కొట్టు దగ్గర ఆగాం. "టీ గీ ఏటైనా తాగుతారా అమ్మా?" అన్నాడు కొట్టాయన. సెలీనా నా చెవిలో, "టీ విత్ ఘీ?" అంది, కళ్ళు పెద్దవి చేసి. హాస్టల్లో మేం పప్పన్నంలో నెయ్యి పోసుకోవడం చూసింది కదా, ఇక్కడివాళ్ళు టీలో కూడా పోసుకుంటారనుకుంది. నెయ్యి కాదు, ఊరికే తోకలా తగిలిస్తామని, టీ లాంటిది ఏదైనా గీ అవుతుందని వివరించాను. అర్థమైనట్టు తల ఊపి, కొట్టాయనతో తనే, "వన్ టీ, వన్ గీ" అంది. ఆయన ఒక్క క్షణం కూడా తడబడలేదు. గ్లాసుడు టీ, రెండు బిస్కట్లు ఇచ్చాడు.

అక్కణ్ణించి గోవాడ వైపు షేర్ ఆటో, మనిషికి ముప్ఫై రూపాయలు. మా రమణత్త వాళ్ళ తోట అటే. రమణత్త మా నాన్నకి చెల్లెలు. పదో తరగతితో చదువు ఆపింది కానీ ఇంగ్లీషు మాట్లాడ్డం ఆపలేదు. మమ్మల్ని చూస్తూనే ఒక గడ నరికి, చెక్కు తీసి, ముక్కలు సెలీనా చేతిలో పెట్టింది.

"ఈట్, ఈట్. అవర్ కేన్, వరల్డ్ నంబర్ వన్."

సెలీనా మన పద్ధతిలోనే పళ్ళతో చీల్చి నమిలింది. వాళ్ళ అమ్మమ్మ ఊళ్ళోనూ చెరుకు పండుతుందని అప్పటిదాకా నాకు తెలియదు. నమిలి, పిప్పి ఊసి, "గుడ్" అంది.

"గుడ్ ఒకటేనా? బాగునేదా ఏటి?" అంది అత్త.

"చాలా తియ్యగా ఉందంటోంది అత్తా."

"నువ్వుండవే! ఆ గుంట నోరిప్పనేదు, సాలా తియ్యగుందని నీకెలగ తెలిసింది?"

సెలీనాకి తెలుగు రాదు కానీ సంగతి అర్థమైనట్టుంది. ముక్క వైపు చూసి, నిదానంగా, "మై గ్రాండ్‌మదర్ కేన్... మోర్ స్వీట్" అంది.

అయిపోయింది కథ అనుకున్నాను. ఆతిథ్యమిచ్చిన ఇంటి చెరుకుని తక్కువ చేయడమంటే మా వైపు చిన్న సంగతి కాదు. "వాళ్ళ అమ్మమ్మ చెరుకంత బాగుందట అత్తా" అని సర్దబోయాను. తెలుగులో చెప్పినా నా మొహం చూసి కనిపెట్టేసింది ఆ పిల్ల.

"నో! ఐ సే మోర్! మోర్!"

అత్త కొడవలి కింద పడేసి, కొంగు నడుముకి చుట్టింది. "యువర్ గ్రాండ్‌మదర్, వాట్ మెన్యూర్?" అంది. అంతే, గట్టు తెగింది. వాళ్ళ నది, దాని ఒండ్రుమట్టి, చెరుకు దొంగిలించే కోతులు, ఆలస్యంగా నరికే మేనమామ అన్నీ ఇంగ్లీషులో వచ్చేశాయి. నిన్న జరిగింది రేపటిలోకీ, రేపటిది నిన్నట్లోకీ పోయాయి. అత్త పక్కనే నిలబడి, "వెయిట్, వెయిట్. ది మంకీ ఈటింగ్, అంకుల్ వాట్ డూయింగ్?" అని ప్రతిదానికీ అడ్డుప్రశ్న వేసింది. ఒకరి వ్యాకరణాన్ని ఇంకొకరు పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు. మధ్యలో నేను నోరు తెరిస్తే ఇద్దరూ ఒకేసారి చెయ్యి అడ్డం పెట్టారు. చివరికి సెలీనా రొమ్ము విరుచుకుని, "యువర్ కేన్ గీన్, ఓన్లీ వాటర్!" అంది.

అత్త పగలబడి నవ్వింది. "ఓలమ్మ! తిట్టడం కూడా వచ్చేసిందే దీనికి! రా, అన్నం తిను." కోడికూరతో భోజనం పెట్టింది. సెలీనా రెండుసార్లు అడిగి వేయించుకుంది. తిన్నంతసేపూ తగువు నడిచింది. నాలుగింటి బస్సుకి తిరిగి బయల్దేరితే, సబ్బవరం వచ్చేదాకా ఆ కోతుల కథే మళ్ళీ వినిపించింది. చెప్పొద్దూ, గర్వంగానే ఉంది కానీ కొంచెం ఒళ్ళు కూడా మండింది. మూడు నెలలుగా నేను వెన్నంటి నేర్పినా రానిది, అత్త ఒక్క పూటలో తెప్పించింది.

సోమవారం పరీక్ష గది బయట గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. పది నిమిషాలు అయిపోయినా తలుపు తెరుచుకోలేదు. ఇంకాసేపటికి సెలీనా మొహం గంటు పెట్టుకుని బయటికొచ్చింది. ఏమైందని అడిగితే, "హి ఈజ్ రాంగ్" అంది. వెనకే పరీక్షకుడు తల బయటికి పెట్టి, "మార్కులు ఎప్పుడో వేసేశానమ్మా. మా ఊరి చెరుకే తియ్యనిదని ఒక్కమాట అన్నాను, అంతే, వదలట్లేదు. దయచేసి తీసుకెళ్ళు" అన్నాడు.

విదేశానికి చదువుకు వెళ్ళబోయే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఇంగ్లీషు ఎలా బాగుపడుతుందని నన్ను అడుగుతుంటారు. తప్పులు దిద్దే మనిషి పక్కనుంటే జాగ్రత్త వస్తుంది. ఒప్పుకోని మనిషి ఎదురుగా ఉంటేనే మాట వస్తుంది, ఓడిపోకూడదనే పట్టుదలలో భయానికి చోటుండదు. నాకు ఇది సెలీనా వల్ల అర్థమైంది, కాస్త ఆలస్యంగా. ఇక మీలో ఎవరైనా విదేశీ నేస్తాన్ని మా వైపు తీసుకొస్తే ఒకటే సూచన: చెరుకు నరికే చలికాలంలో రండి, అనువాదం చేస్తానని మాత్రం మాటివ్వకండి. పాసైన సంగతి చెబుదామని ఆ సాయంత్రం అత్తకి ఫోన్ చేస్తే, "నీతో నాకేటి పని? ఫోను ఆ గుంటకియ్యి" అంది.