షరతు తీసేసిన రుజువు

అక్క పోయాక మా ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టాం. కాంట్రాక్టరు మాట్లాడడానికి లేచాడు. ఆయన్ని ఎవరు పిలిచారో నాకు తెలియదు. పాస్టరు గారు మైకు ఇచ్చేశారు. నాకు ఒళ్ళు మండింది.

అక్క కంప్యూటర్ సైన్సులో పరిశోధన చేసేది. ఇతరులు రాసిన ప్రోగ్రాము ఫలానా తప్పు ఎప్పటికీ చెయ్యదని గణితంతో రుజువు చెయ్యడం ఆమె పని. నడిపి చూస్తే నడిపిన సార్ల సంగతే తెలుస్తుంది, నడపని సారి సంగతి తెలియదు అనేది.

మా ఊరి మురుగుకాలువ సముద్రంలో కలిసేచోట ఇనుప తలుపు ఉంది. పోటు వేళ దించకపోతే ఉప్పునీరు వరిచేలలోకి ఎక్కుతుంది. ఈమధ్య ఆ పని మనుషుల చేతిలోంచి తీసి కంప్యూటరుకి అప్పగించారు. మన ఊరే కదా అని అక్క ఆ ప్రోగ్రామును తనంతట తానే పరిశీలించింది. తలుపు దిగుతుండగా కరెంటు పోకుండా ఉంటే, పోటులో తలుపు తెరిచి ఉండడమనేది జరగదు. ఆమె రుజువు చేసింది అంతవరకే. మధ్యలో కరెంటు పోయి వస్తే, తలుపు పూర్తిగా దిగిందనే ప్రోగ్రాము అనుకుంటుంది. తలుపు సగంలోనే ఆగి ఉంటుంది. తెర మీద మాత్రం మూసినట్టు కనిపిస్తుంది. ఈ మాట ఆ ప్రోగ్రాము పెట్టిన కాంట్రాక్టరుకి నా ఎదుటే చెప్పింది.

"ఆయ్, చూసుకుంటామండి మేడం గారూ. కరెంటు పోతే మా ప్రోగ్రాము తప్పు కాదు కదండీ," అన్నాడు.

"తప్పెవరిదని అడగలేదండి. చేలోకి నీళ్ళొస్తాయా రావా అని అడిగేను."

కొన్నాళ్ళకి తలుపు దగ్గర బోర్డు వెలిసింది. ఉప్పునీరు రాదని గణితపరంగా రుజువైందట. కింద అక్క పేరు. షరతు లేదు. గాలీ వానా మొదలైతే మా దగ్గర ముందు పోయేది కరెంటే. ఆ షరతు తీసేస్తే మిగిలేది అబద్ధం. దానికి ఆమె పేరు పెట్టారు. ప్రోగ్రాము సరిచెయ్యండి, లేదా బోర్డు తీసెయ్యండి అని ఆమె ఎన్నిసార్లు ఫోను చేసినా రెండూ చెయ్యలేదు. ఆసుపత్రి మంచం మీద కూడా అడిగింది, "బోర్డు తీసేరేంట్రా?" అని. లేదన్నాను.

ఇప్పుడాయన మైకులో అంటున్నాడు: "మేడం గారు రుజువు చేసిచ్చేరండి. ఇంక మన చేలకి భయం లేదండి. ఆవిడ పేరు అక్కడ శాశ్వతంగా ఉంటాదండి."

జనం ఆమెన్ అన్నారు.

నేను లేచాను. సాక్ష్యం చెబుతాననుకుని పాస్టరు గారు మైకు నాకిచ్చారు. అక్క మంచితనం గురించి ఏమీ చెప్పలేదు. ఆమె రుజువు చేసిన మాటను షరతుతో సహా చెప్పాను. బోర్డు మీదున్నది అబద్ధమన్నాను.

"ఇప్పుడెందుకు బాబూ," అన్నారు పాస్టరు గారు మెల్లగా.

ఆడవాళ్ళ వైపు నుంచి మా పిన్ని లేచింది. కాలువ పక్కనే ఆమె కౌలు చేను.

"ఇప్పుడేనండి పాస్టరు గారూ. మొన్న గాలివానకి కరెంటు పోయిందా లేదా, ఆయన్ని చెప్పమనండి."

"మళ్ళీ వచ్చేసింది కదమ్మా," అన్నాడు కాంట్రాక్టరు.

"కరెంటొచ్చింది. తలుపు దిగిందా?"

"స్క్రీను మీద దిగినట్టే ఉందమ్మా."

"నేను వరినారు ఊడ్చింది స్క్రీను మీద కాదు బాబూ."

వెనక ఎవరో నవ్వారు. ఆదరణ కూడికలో నవ్వరు.

చివరి ప్రార్థన అయ్యాక కొందరు భోజనాలకి కూర్చోకుండా కాలువ వైపు బళ్ళు తీశారు. తలుపు ఎక్కడ ఆగిందో వాళ్ళు చూస్తారు. బోర్డు బోల్టులతో బిగించి ఉంది. నేను పానా కోసం ఇంట్లోకి వెళ్ళాను.