కొసరుగా అడిగిన ప్యాకెట్టు

అంత లాభసాటి బేరం కొట్టు నడిపే మా నాన్న కూడా చేసి ఉండడు. నాలుగు చాక్లెట్లిచ్చి ఐదు ప్యాకెట్లు కొట్టేశాను, అదీ తొమ్మిదేళ్ళకే. మొన్న మా అమ్మాయికి విరేచనాలవుతుంటే ఓఆర్ఎస్ కలిపాను. ఆ నారింజ వాసనకి చెయ్యి ఆగిపోయింది.

అరకు సంత వెనక రేకుల పాకల్లో మా క్లాసు చిలకమ్మ వాళ్ళుండేవారు. ఆశా వర్కరు పంచిన ఓఆర్ఎస్ ప్యాకెట్లు వాళ్ళింట్లో బియ్యం డబ్బాలో ఉండేవి. నేనది షర్బత్ పొడి అనుకున్నాను.

"నాలుక్కి నాలుగిచ్చావు సరే, కొసరేదే?" అన్నాను.

"ఇంకొకటే ఉంది. అమ్మ తిడతాది."

"కొసరు లేని బేరం ఏటి బేరమే గుంటా?"

తెచ్చిచ్చింది. నేను పొడి నాకుతుంటే అది చాక్లెట్లు చప్పరించింది.

వానలకి మురిక్కాలవ పొంగి కుళాయి గుంటలో కలిసింది. ఆ వారమే చిలకమ్మ చంటి తమ్ముడికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. వాళ్ళమ్మ డబ్బా బోర్లించింది.

"దాసిన పేకెట్లేటయ్యాయే?"

చిలకమ్మ గుమ్మంలో నిలబడ్డ నావైపు చూసింది. నేను నేల చూశాను. వాళ్ళమ్మ బిడ్డనెత్తుకుని ప్యాకెట్ల కోసం మా కొట్టుకి పరిగెత్తింది.

"అవి మేం అమ్మమమ్మా. బేగి ఆసుపత్రికి ఎత్తుకెళ్ళు" అన్నాడు నాన్న.

ఆటో దొరికేసరికి మధ్యాహ్నమైంది. మర్నాడు ఆమె ఒట్టి చేతులతో తిరిగొచ్చింది.

నన్నెవరూ ఏమీ అనలేదు. ఆ ప్యాకెట్లుంటే వాడు బతికేవాడో లేదో నాకు తెలియదు. లెక్క మాత్రం ఇదీ: నాలుగు చాక్లెట్లకు, ప్యాకెట్టుకి లీటరు చొప్పున, ఐదు లీటర్ల మందునీళ్ళు. అందులో ఆఖరి లీటరు, చిలకమ్మ వెనకాడుతున్నా నేను అడిగి తీసుకున్నది.