రెండుగా విడివడే బొత్తాల హారం

మొన్న శుక్రవారం ఇక్కడ బహ్రెయిన్‌లో, జింజ్ పేటలో ఒక దుకాణం అద్దాల వెనక పాత బొత్తాలతో చేసిన చెవిదిద్దులు కనబడితే, కొనే ఉద్దేశం లేకపోయినా చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. మా తోటికోడలు గుర్తొచ్చింది.

నేను పెళ్ళయి బహ్రెయిన్ వచ్చిన కొత్తలో, ఆ పక్కనే ఉన్న మహూజ్ పేటలో ఒకే ఫ్లాట్‌లో రెండు కుటుంబాల వాళ్ళం ఉండేవాళ్ళం. అక్కా అని నేను పిలిచే ఆ తోటికోడలు సల్మానియా ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ నుంచి వచ్చి, వంట ముగించి, సన్నటి వెండి తీగతో పూసలు అల్లుతూ కూర్చునేది. ఆ వేళ్ళు తొందరపడటం నేనెప్పుడూ చూడలేదు.

మా కింది అంతస్తులో ఒక ఇంగ్లీషు పెద్దావిడ ఉండేది. భర్త పోయాక స్వదేశం వెళ్ళిపోతూ, వాళ్ళ అమ్మమ్మ గౌనువట, విక్టోరియా రాణి కాలంనాటి బొత్తాలు అక్క దోసిట్లో పోసి హారం చేసిపెట్టమని అడిగింది. నల్లటి గాజు బొత్తాలు, రత్నాల్లా సానబట్టినవి, అటూ ఇటూ తిప్పితే తళుక్కుమనేవి. అయితే ఆవిడ దిగులు వేరు. ఇద్దరు కూతుళ్ళూ ఆ బొత్తాల కోసమే పోట్లాడుకుని మాటలు మానేశారట; ఒకరికిస్తే రెండోవాళ్ళు తనకూ దూరమవుతారని చెబుతూ కళ్ళు తుడుచుకుంది.

బొత్తాలకు బెజ్జాలు వేస్తే పని సులువవుతుందని మా ఆయన సలహా ఇచ్చారు. అక్క ఒప్పుకోలేదు.

"వాళ్ళ అమ్మమ్మ రోజూ పెట్టుకుని తీసిన బొత్తాలు బాబూ ఇవి. చిల్లు పెట్టడానికి నాకు చెయ్యి రాదు" అంది.

బొత్తాం వెనక కుట్టుకోవడానికి ఉండే చిన్న రింగులోంచే తీగ పోనిచ్చి అల్లింది, నచ్చక విప్పేసింది, మళ్ళీ అల్లింది. చివరికి తయారైంది చూస్తే పొడవాటి హారం ఒక్కటే. రెండు చోట్ల కొక్కేలు తీస్తే మాత్రం రెండు పొట్టి హారాలయ్యేది. విడిగా ఎవరిది వాళ్ళు వేసుకోవచ్చని, కలుపుకుంటే మళ్ళీ ఒకటవుతుందని అక్క చూపించినప్పుడు, ఆ పెద్దావిడ అక్క చేతులు రెండూ గట్టిగా పట్టుకుంది.

ఏడాది తిరిగాక ఆవిడ దగ్గర్నుంచి ఒక ఫొటో వచ్చింది. పుట్టినరోజు కేకు ముందు ఆవిడ, చెరో పక్కన ఒక కూతురు. హారం రెండు సగాలూ కలిసి మొత్తంగా తల్లి మెడలో ఉంది.

"ఇద్దరూ వచ్చారన్నమాట" అని మాత్రం అని, అక్క యూనిఫారం ఇస్త్రీ చేసుకోవడానికి లేచింది. ఆ ఫొటో కనబడిన వాళ్ళందరికీ చూపించి మురిసిపోయింది నేనే.

అక్కావాళ్ళు కాకినాడ వెళ్ళిపోయి చాలా కాలమైంది. ఆవిడ కళ్ళకి ఇప్పుడు సన్నటి తీగ ఆనదట. నేనింకా మహూజ్‌లోనే ఉన్నాను. ఎదురు ఫ్లాట్‌లో ఒక పెద్దావిడ ఉంటున్నారని గుమ్మం ముందు చెప్పులు చూసి తెలుసుకున్నాను గానీ, ఆవిడకు పిల్లలెందరో, వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారో లేదో అడిగే చనువు మాత్రం ఈ రోజుల్లో ఇరుగుపొరుగుల మధ్య లేదు.