దూడను కాపాడింది నేను కాదు

నంద్యాల కాలేజీవాళ్లు దరఖాస్తుతో పాటు మన బతుకులో జరిగిన ఒక సంగతిని పేజీకి మించకుండా రాసి తెమ్మన్నారు. నిరుడు మా చిన్నాయన కొడుకు వక్కిలేరు వరదలో దూకి దూడను ఒడ్డుకు లాగాడు. అదే రాసి సీటు తెచ్చుకున్నాడు. నాకేమో రాసుకోదగ్గది ఒక్కటీ జరగలేదు. వాడి పేరు వింటేనే ఒళ్లు మండేది.

ఆళ్లగడ్డలో బస్సెక్కి, అట్ట మీద కాగితం పెట్టుకుని, వాడి దూడను మేకపిల్లగా మార్చి, నేనే కాపాడినట్టు రాయసాగాను. పక్కన ఉలుల సంచి ఒళ్లో పెట్టుకున్న శిల్పి ఒకాయన కూర్చున్నాడు.

"ఏం రాస్తాండావప్పా?"

చెప్పాను. అబద్ధం రాస్తున్నానని కూడా, ఎందుకో, చెప్పేశాను.

ఆయన నవ్వలేదు. "దేవుని ఒళ్లంతా చెక్కేది నేను. ఆఖర్న కండ్లు తెరిచేది మా తమ్ముడు. జనం వాని చేతులే కండ్లకద్దుకుంటారు. నాకు కడుపు మండుతాది."

"కండ్లు కూడా నువ్వే చెక్కొచ్చు గదన్నా?"

"ఒకసారి ఉలి పట్టినా. చూపు కుదర్లేదు. వానికే ఇచ్చినా. ఇచ్చేటప్పుడు, కడుపు మండుతాందిరా అని వానితోనే చెప్పినా."

ఆకలేస్తోందని చెప్పినంత మామూలుగా చెప్పి, శిరివెళ్లలో దిగిపోయాడు.

ఆ పేజీ చించేసి ఇంకొకటి రాశాను. వరద రోజు నేను ఒడ్డునే ఉన్నానని, దూడ వాడి చేతుల్లోంచి జారిపోతే బాగుండునని కోరుకున్నానని.

సీటు వచ్చింది. ఆ శిల్పి మీద మాత్రం నాకిప్పటికీ అసూయే. ఆయన తమ్ముడితో అన్నాడు. నేను కాగితంతో అన్నాను.